పోప్ దాకా వేసిన దారి

హిట్లర్ సైన్యపు గూఢచార సంస్థ అబ్‌వేర్. దాని అధిపతి అడ్మిరల్ విల్‌హెల్మ్ కానరిస్ హిట్లర్‌ని దించాలనుకున్న అధికారులకు తన నీడలోనే చోటిచ్చాడు. వాళ్లలో ముందుండి నడిపినవాడు హాన్స్ ఓస్టర్. హిట్లర్‌ని దించితే బ్రిటన్ ఏ షరతులపై సంధికి వస్తుందో తేల్చుకోవడానికి, 1939లో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే వీళ్లు వాటికన్ మీదుగా లండన్‌కు మాట చేర్చే దారి ఒకటి వేశారు. దాన్ని కట్టిన తీరు ఎంత చూసినా తనివి తీరదు.

ముందు మనిషి ఎంపిక చూడండి. జోసెఫ్ మ్యూలర్ మ్యూనిక్ లాయరు, గట్టి కాథలిక్. ఇటలీలో సమాచారం సేకరించే ఉద్యోగమని అతనికి అబ్‌వేర్‌లో కొలువిచ్చారు. దాంతో రోమ్‌కు వెళ్లిన ప్రతిసారీ సర్కారు పని మీదే వెళ్లినట్టయింది. దాక్కోవలసిన అవసరమే లేకుండా చేయడం కన్నా మంచి మరుగు ఏముంటుంది?

అవతలి ఒడ్డున నమ్మకం అప్పటికే సిద్ధంగా ఉంది. పన్నెండో పయస్ పోప్ కాకముందు మ్యూనిక్‌లో, బెర్లిన్‌లో ఏళ్ల తరబడి వాటికన్ రాయబారి. జర్మన్ ఫాదర్లు లూడ్విగ్ కాస్, రాబర్ట్ లైబర్ ఆ రోజుల నుంచీ ఆయనకు ఆప్తులు. మ్యూలర్ మొదట కాస్‌ని కలిశాడు, ఆపైన లైబర్‌తో నడిపాడు.

అసలు పనితనం ఇక్కడుంది. ఆ మంతనాలు సాగినన్నాళ్లూ మ్యూలర్ పోప్‌ని కలవలేదు. అతను లైబర్‌కి చెబుతాడు, లైబర్ పోప్‌కి విన్నవిస్తాడు, పోప్ బ్రిటిష్ ప్రతినిధి ఆస్‌బోర్న్‌ని పిలిపించి మాట్లాడతాడు. జవాబు అదే వరసలో వెనక్కి వస్తుంది. శత్రు దేశాల మనుషులు ఎదురెదురుగా కూర్చోనే లేదు. రెండు వైపులకూ పూచీ పోప్ మాట ఒక్కటే.

1940 మే మొదట్లో, పశ్చిమాన దాడి రాబోతోందన్న హెచ్చరిక కూడా రోమ్‌కు చేరవేశారు. ఆ కబురందిన బెల్జియం రాయబారి తన దేశానికి పంపిన తంతిని జర్మన్లు పట్టి చదివేశారు. గుట్టు ఎక్కడ బయటపడిందో కనిపెట్టమని కానరిస్ రోమ్‌కు ఎవర్ని పంపాడు? మ్యూలర్‌నే! ఇంత నిబ్బరం అరుదు.

లోపం ఒక్కటే: కాగితం. చించెయ్యమని లైబర్ రాసిచ్చిన సంధి షరతుల చీటీని దాచిపెట్టారు. 1944లో జర్మన్ సైన్య కేంద్రం జోసెన్‌లోని ఇనప్పెట్టెలో నాజీ రహస్య పోలీసు గెస్టపోకు దొరికిన కాగితాల్లో అదీ ఉంది.

అంత నేర్పుగా కట్టినా దారి గమ్యం చేరలేదు. లండన్ షరతులు చూపినా జర్మన్ సేనాధిపతులు కదల్లేదు. కానరిస్‌ని, ఓస్టర్‌ని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు. అక్కడే బందీగా ఉన్న మ్యూలర్ బతికి బయటపడి, తర్వాత బవేరియా న్యాయ మంత్రి అయ్యాడు.