153 దగ్గర ఆగే లెక్క

మూడుతో నిశ్శేషంగా భాగించగలిగే సంఖ్య ఏదైనా తీసుకుని, దాని అంకెల ఘనాలు కూడండి. వచ్చిన మొత్తానికి మళ్లీ అదే చేయండి. 12తో మొదలుపెడదాం. 1, 8 కలిస్తే 9. దాని ఘనం 729. అందులోని అంకెల ఘనాలు 343, 8, 729 కూడితే 1080. అక్కణ్ణుంచి 513, ఆపైన 153. అక్కడ ఆగిపోతుంది: 1, 125, 27 కూడితే వచ్చేది మళ్లీ 153.

పది లక్షల అంకెలున్న సంఖ్యైనా సరే, అది 3కి గుణిజమైతే చివరికి చేరేది ఇక్కడికే. ఈ ఫలితం కన్నా దీన్ని నిరూపించే తీరు నాకు ఎక్కువ ఇష్టం. సంఖ్యలకు అంతం లేదు, ఒక్కొక్కటీ పరీక్షించలేం. అయిదంకెల సంఖ్యలో అన్నీ 9లే ఉన్నా ఘనాల మొత్తం 3645 దాటదు. ఒక్కో అంకె చేరినప్పుడల్లా సంఖ్య పదింతలవుతుంది, ఘనాల మొత్తం మాత్రం మహా అయితే 729 పెరుగుతుంది. అందుకే పెద్ద సంఖ్యలన్నీ దిగిపోతూ నాలుగంకెల్లోకి వస్తాయి. వచ్చాక 2916 దాటలేవు. ఆ లోపు ఉన్నవాటిని ఓపికగా చూసుకోవచ్చు. 135, 315, 531లకు మొత్తం ఒకటే కాబట్టి శ్రమ ఇంకా తగ్గుతుంది.

అలా చూస్తే ఆగిపోయేవి అయిదే: 1, 153, 370, 371, 407. చక్రంలా తిరిగేవి నాలుగు గుంపులు: 136, 244; 919, 1459; 55, 250, 133; 160, 217, 352.

మూడు గుణిజాలకు 153 ఒక్కటే గమ్యం ఎందుకైంది? అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఏదైనా అంకె ఘనంలోంచి ఆ అంకెను తీసేయండి. 5 అయితే 125లోంచి 5 పోగా 120. అది 4, 5, 6ల లబ్ధం. ఏ అంకెకైనా ఇలాగే వరుస సంఖ్యలు మూడింటి లబ్ధం వస్తుంది. ఆ మూడింటిలో ఒకటి 3కి గుణిజం కాక తప్పదు. కాబట్టి 3తో భాగిస్తే ఘనాల మొత్తానికీ, అంకెల మొత్తానికీ శేషం ఒకటే. అంకెల మొత్తానికి వచ్చే శేషమే సంఖ్యకూ వస్తుందని బడిలో చదువుకున్నాం. అంటే ఎన్ని మెట్లు దిగినా శేషం మారదు. పై జాబితాలో శేషం లేనిది 153 ఒక్కటే!

శేషం 2 వచ్చే సంఖ్యలకు 371, 407 తప్ప దిక్కులేదు. 47 ఒక్క అడుగులో 407 చేరుతుంది. 8 మాత్రం 512, 134, 92, 737, 713 మీదుగా 371కి వస్తుంది. మిగిలినవన్నీ, ఆ నాలుగు చక్రాలతో సహా, శేషం 1 వాటా.

రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ, 1940లో అచ్చైన తన పుస్తకంలో 153, 370, 371, 407లను ప్రస్తావించి, వీటిలో గణితజ్ఞుణ్ణి ఆకర్షించేదేమీ లేదని తేల్చేశాడు. ఆ నాలుగింటినీ విడిగా చూస్తే ఆయన మాట కాదనలేను. కానీ అంకెల ఘనాలను మళ్లీ మళ్లీ కూడుతూ పోతే, శేషాల జల్లెడ సంఖ్యలన్నిటినీ మూడు దారుల్లోకి పంపేస్తుంది. వర్గాలతో ఈ జల్లెడ పనిచేయదు: 2 వర్గం 4, శేషం అక్కడే మారిపోతుంది. 1945లో ఆర్థర్ పోర్జెస్ వర్గాల సంగతి తేల్చినప్పుడు మిగిలిన గమ్యాలు రెండే: ఒకటి 1, రెండోది 4, 16, 37, 58, 89, 145, 42, 20ల చక్రం. ఏ సంఖ్య ఎటు పోతుందో శేషం చూసి చెప్పే వీలు అక్కడ లేదు; కూడి చూడాల్సిందే.