ఆత్మగౌరవం ఎవరిది? – 1985 నాటి ఎన్.టి.ఆర్. సమాఖ్య దృష్టి, కారంచేడు ప్రశ్న

వ్యాససంగ్రహం:
1985 మార్చిలో రెండవసారి ప్రజాతీర్పు పొందిన నందమూరి తారక రామారావు రాష్ట్రాల మధ్యా, కేంద్ర రాష్ట్రాల మధ్యా పరస్పర గౌరవంతో కూడిన సహకారం ఉండాలని ప్రతిపాదించారు. ఆ విజయం తరువాత నాలుగు నెలలకే కారంచేడులో దళితులపై దాడి జరిగింది. ఆయన దృష్టికి మూలమైన ‘ఆత్మగౌరవం’ అనే పదం కారంచేడు తరువాత అర్థం మార్చుకున్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆత్మగౌరవం, సమాఖ్య, సహకారం, కారంచేడు, దళితోద్యమం.

1. ఉపోద్ఘాతం:
ఒక నాయకుని దార్శనికతను అంచనా వేయడానికి ఆయన ప్రచారంలోకి తెచ్చిన మాటలు ముఖ్యమైన ఆధారాలు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించినప్పటి నుండి ఎన్.టి.ఆర్. ప్రసంగాలకు ‘తెలుగువారి ఆత్మగౌరవం’ కేంద్రబిందువు. ఢిల్లీ నుండి ముఖ్యమంత్రులను మార్చే పద్ధతిపై జనంలో పేరుకున్న అసంతృప్తికి ఆ మాట రూపమిచ్చింది. అయితే ఆ పదం అప్పటికే పాతది. 1925లో పెరియార్ తమిళనాట ప్రారంభించిన ఆత్మగౌరవ ఉద్యమం కులాధిపత్యాన్ని నిలదీసింది. 1982 నాటి తెలుగు రాజకీయాలలో అదే పదం రాష్ట్రానికి జరిగిన అవమానాన్ని సూచించింది. ఈ అర్థభేదమే ఇక్కడి చర్చకు ఆధారం.

2. సహకార దృష్టి – స్వరూపం:
ఎన్.టి.ఆర్. సమాఖ్య భావన కేవలం కేంద్ర వ్యతిరేకత కాదు. 1983 మేలో విజయవాడలో ప్రతిపక్షాల సమావేశం నిర్వహించి, వేర్వేరు ప్రాంతాల, సిద్ధాంతాల నాయకులను ఆయన ఒకచోట చేర్చారు. అదే సంవత్సరం కేంద్ర రాష్ట్ర సంబంధాల పరిశీలనకు సర్కారియా కమిషన్ ఏర్పడింది. 1984 ఆగస్టు 16న ఆయన ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించడం, నెల రోజులలో ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం వల్ల ఆ వాదనకు స్వానుభవ బలం చేకూరింది. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా కాంగ్రెసు గాలి వీచినా తెలుగుదేశం 30 స్థానాలు గెలుచుకుంది. 1985 మార్చి శాసనసభ ఎన్నికలలో 294 స్థానాలకు 202 సాధించింది.

ఈ దృష్టికి అత్యుత్తమ నిదర్శనం తెలుగుగంగ. మద్రాసు నగర దాహార్తిని తీర్చడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రలు కృష్ణా జలాలలో తలా 5 టి.ఎం.సి.లు వదులుకోవడానికి అంగీకరించాయి. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఒప్పందం కుదిరింది. తన వాటా నీటిని పొరుగువాని దప్పికకు ఇవ్వడం సహకారానికి ఉన్నతమైన నిర్వచనం. తిరిగి గెలిచిన తరువాత అధికారాన్ని గ్రామాలకు దగ్గర చేయడానికి మండల వ్యవస్థ వచ్చింది. అంతకుముందే కరణం, మునసబుల వంశపారంపర్య పెత్తనం రద్దయింది. ఢిల్లీ నుండి తాను కోరిన వికేంద్రీకరణను ఆయన తన రాష్ట్రంలో కొంతవరకు అమలు చేశారనడానికి ఇవి సాక్ష్యాలు.

3. కారంచేడు – మంచినీటి చెరువు:
1985లో కారంచేడు ప్రకాశం జిల్లాలో ఉండేది. నేడు బాపట్ల జిల్లాలో ఉంది. పచ్చని పొలాలు, వ్యవసాయ సంపద, చదువు, సినీ పరిశ్రమకు పెద్దలను అందించిన పేరు ఉన్న ఊరు. ఆ జూలై 16న మాదిగపల్లె వారు తాగే నీటి చెరువు వద్ద ఆధిపత్య కులానికి చెందిన యువకులు గేదెను కడిగి నీటిని మురికి చేయడాన్ని దళితులు ప్రశ్నించారు. ఒక దళిత మహిళ ఎదురుతిరిగింది. మరునాడు ఉదయం పల్లెపై మూకుమ్మడి దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఇక్కడ రెండు నీళ్ళను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. వందల కిలోమీటర్ల అవతలి నగరానికి మంచినీరు ఇవ్వడానికి మూడు రాష్ట్రాలు ఒప్పుకున్న కాలంలోనే, ఒకే ఊరిలో పల్లె తాగే చెరువును శుభ్రంగా ఉంచమని అడగడం నేరమైంది. రాష్ట్రాల మధ్య సాధ్యమైన ఒడంబడిక ఊరికీ పల్లెకూ మధ్య లేదు.

ముఖ్యమంత్రి వియ్యంకుని కుటుంబం ఈ గ్రామానికి చెందినదే కావడం నాటి చర్చలలో ప్రముఖంగా వినిపించింది. విమర్శను ఆ బంధుత్వానికే పరిమితం చేస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది. 1991 ఆగస్టులో, కాంగ్రెసు పాలనలో, తెనాలి సమీపంలోని చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. పాలించే పార్టీ మారినా గ్రామ నిర్మాణం మారలేదు. లోపం ఒక వ్యక్తి కంటే ఆ భావననే ఎక్కువగా పట్టి ఉంది.

4. పదం చేతులు మారిన తీరు:
ఎన్.టి.ఆర్. భావనలో తెలుగుజాతి ఒక అఖండ కుటుంబం. అవమానించేవారు బయట ఉంటారు, లోపలివారంతా అవమానితులే. ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్ళు’ అన్న నినాదంలోనూ ఈ అఖండతే కనిపిస్తుంది. కానీ దేవాలయ ప్రవేశం కోసమే తరతరాలుగా పోరాడిన వారికి ఆ ఉపమానం మరో ప్రశ్నను గుర్తు చేస్తుంది: ఆ గుడి గడప ఎవరు దాటగలరు?

కారంచేడు బాధితులు ఊరికి తిరిగి వెళ్ళడానికి నిరాకరించి చీరాలలోనే నిలిచారు. అది ప్రాణభయంతో తీసుకున్న నిర్ణయమే అయినా, గౌరవం లేని సహజీవనాన్ని తిరస్కరించిన ప్రకటన కూడా. బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వంలో 1985లోనే దళిత మహాసభ ఏర్పడింది. ఉద్యమంతోపాటు కవిత్వమూ పదునెక్కింది. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం ఆ గొంతులను ఒకచోట చేర్చింది. కలేకూరి ప్రసాద్ కవితకు ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అని పేరు పెట్టడం గమనార్హం. ఆరు కోట్ల తెలుగువారికి చెందినదిగా ప్రచారమైన ఆత్మగౌరవం ఇక్కడ పిడికెడైంది. పరిమాణం తగ్గిన కొద్దీ అర్థం చిక్కబడింది. పెరియార్ నాటి కులార్థం తెలుగులో ఈ విధంగా తిరిగి ప్రాణం పోసుకుంది.

5. ముగింపు:
ఎన్.టి.ఆర్. సమాఖ్య దృష్టి చారిత్రక విలువ కలది. ఆయన అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వ కాలంలోనే, 1990లో, అంతర్రాష్ట్ర మండలి ఏర్పడింది. పెద్దది చిన్నదానిని గౌరవించినప్పుడే సహకారం సాధ్యమన్న సూత్రం నేటికీ సరైనదే. ఆ సూత్రం ఢిల్లీ నుండి హైదరాబాదుకు, అక్కడి నుండి మండల కేంద్రానికి వచ్చి, ఊరి పొలిమేరలోని పల్లెకు చేరకుండా ఆగిపోయింది. కారంచేడు అడిగింది ఆ చివరి అడుగునే. సహకారాన్ని ప్రతిపాదించే ఏ నాయకుని దృష్టినైనా రాజధానుల మధ్య కుదిరిన ఒప్పందాలతో పాటు, చెరువు గట్టున బిందె పట్టుకుని నిలిచిన మనిషికి దక్కిన గౌరవంతో కూడా కొలవడం సాహిత్య, సామాజిక విమర్శల బాధ్యత.