కొలువులో నిలబడని బొమ్మ

సంక్రాంతికి కృష్ణా డెల్టా పెద్దిళ్లలో బొమ్మల కొలువు పెడతారు. మెట్లు కట్టి గుడ్డ పరిచి, పై మెట్టున దేవుళ్లను, కింది మెట్లమీద పల్లెటూరి బొమ్మలను పేరుస్తారు. కొండపల్లి అంబారీ ఏనుగు ఒక మెట్టు మీద, తాడిచెట్టెక్కే గీత మనిషి ఇంకో మెట్టు మీద, నెత్తిన బిందె పెట్టుకున్న ఆడమనిషి ఆ కింద. పేరంటాళ్లు వచ్చి చూసి ముచ్చటపడి పోతారు. ఆ పేరంటానికి మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో ఎవరినైనా పిలిచారని మేము వినలేదు. మా వాళ్ల పని మాత్రం బొమ్మగా మారి ఆ గదిలోకి పోతుంది. మనిషి బయట, బొమ్మ లోపల. అంబేద్కర్ చెప్పిన అంతరాల అసమానత ఎట్లా ఉంటుందో చిన్నపిల్లలకు చెప్పాలంటే కొలువు మెట్లు చాలు.

మా తగాదా బొమ్మ చేసేవాళ్లతో కాదు. విజయవాడకు కూతవేటు దూరంలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, చేతులూ కాళ్లూ తలా వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపి అతికి, సున్నం పూసి రంగులేస్తారు. ఆ ఇళ్లలో రంగులేసే చేతుల్లో ఆడవాళ్ల చేతులు తక్కువేం కాదు. కర్ర కరువై, కూలి గిట్టక వాళ్లూ బతుకుతున్నారు. మా తగాదా చూపుతో. బిందె బొమ్మ అందంగా ఉంది, సరే. ఆ బిందెలో నీళ్లు ఏ చెరువువి? ఆ రేవులో ఎవరు ముందు దిగారు, ఎవరు గట్టుమీద ఆగారు? సౌందర్యం పేరుతో వచ్చే విమర్శ ఈ ప్రశ్న దగ్గరికి రాదు. వస్తే బొమ్మ అందం చెడిపోతుందని దాని భయం.

ఆ ప్రశ్నకు జవాబు 1985 జూలైలో చీరాల దగ్గర కారంచేడులో వచ్చింది. మాదిగలు తాగే చెరువులో కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. వాణ్ని కొడుతుంటే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయింది. తనమీదికి వచ్చినవాళ్ల మీదికి చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాల్సిందే. కానీ మొదట లేచింది ఒక ఆడమనిషి బిందె. నెత్తిమీద కదలకుండా ఉన్నంతసేపే అది కళ. చేతిలోకి వస్తే నేరమైంది. బొమ్మ మెట్టు దిగితే ఏమవుతుందో తెలుగు స్త్రీవాదం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే అని మేమంటాం.

నేర్చుకుందా? 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' స్త్రీవాద కవిత్వాన్ని ఒకచోట చేర్చింది. దాని మేలు మేము కాదనం. ఆడదాని శరీరం గురించి మాట్లాడొచ్చని అది తెగించి చెప్పింది. అయితే ఆ శరీరానికి కులం ఉందన్న మాట దగ్గర గొంతు సన్నబడింది. 1995లో విజయవాడ నుంచి 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. దళిత కవిత్వం గొంతు చిక్కబడింది, నిజమే. అందులో ఆడవాళ్ల గొంతు ఎంత అని కూడా అడగాలి గదా! అక్కడ కులం లేదు, ఇక్కడ ఆడది లేదు. దళిత స్త్రీ రెండు మెట్ల సందులో పడిపోయింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని గోగు శ్యామల 'నల్లపొద్దు'గా కూర్చేదాకా, మా ఆడవాళ్లు రాయలేదేమో అనుకున్నవాళ్లే ఎక్కువ.

పైట సంగతి చూడండి. జయప్రభ పైట మీద రాసిన కవిత ఒక తరాన్ని కదిలించింది. తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద రాసింది. రెండూ ఒకే గుడ్డ. ఒకరికి అది సిగ్గు పేరుతో మోపిన బరువు. కలుపు తీసే మనిషికి అది చెమట తుడిచే గుడ్డ, కూలిడబ్బుల ముడి, గంప కింద చుట్టకుదురు. ఏది నిజం అని కాదు. ఒకరి నిజాన్నే ఆడవాళ్లందరి నిజం చెయ్యడం దగ్గరే పేచీ.

ఇక నవ్వు సంగతి. దళిత స్త్రీ అనగానే విమర్శకులకు కన్నీళ్లే కావాలి. ఏడిస్తే సానుభూతి, నవ్వితే మోటు. నాట్లలో వంగిన నడుములు ఒకదానికొకటి అందించుకునే వెటకారం వాళ్ల చెవికెక్కదు. ఆసామి నడక, వాడి గొడుగు, కొలతలో వాడు చేసే మోసం అన్నీ ఆ మాటల్లో ఎండగట్టబడతాయి. గట్టుమీద నిలబడ్డవాడికి అది తననే అని తెలుసు, తనను కాదనుకుని నవ్వాలి. కూలి పోకుండా తిట్టగలిగే విద్య అది. డెల్టాలో వెదసాగు, యంత్రాలు వచ్చిన చోట నాట్లతో పాటు ఆ మాటలూ పోతున్నాయి. రాసిపెట్టినవాళ్లు ఎంతమంది?

తాండూరు వైపు మాదిగ బతుకు నుంచి వచ్చిన శ్యామల కథల పుస్తకం 2012లో ఇంగ్లీషులో వచ్చింది. ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం అనే సామెతనే దానికి పేరుగా పెట్టుకుంది. కొలువులో రాజును మోసే ఏనుగును ఒక బుట్ట పక్కన పెట్టి చూడండి. ఏనుగు చిన్నదైపోతుంది. ఇదే మేము చెప్పే హాస్యం. కింద నుంచి పైకి చూసి నవ్వడం.

పై నుంచి కిందికి నవ్వే నవ్వు వేరు. మాల, మాదిగ పేర్లమీద మన సామెతల్లో ఉన్న ఎగతాళి అంతా ఆ కోవదే. అడిగితే "సరదాకన్నాం" అంటారు. నలుగురి ముందు కులం పేరుతో అవమానించడం సరదా కాదని చెప్పడానికి 1989లో అత్యాచారాల నిరోధక చట్టం చెయ్యాల్సొచ్చింది. అంతేకాదు, మన సభల సంగతేంటి? మైకు ముందు ఫూలే, అంబేద్కర్, మైకు ఆపాక పెళ్లాల మీద జోకులు. ఆ నవ్వు కూడా పై నుంచి కిందికే. దీన్ని మేము బయటివాళ్లకు చెప్పడం లేదు, మనకే చెప్పుకుంటున్నాం.

కాబట్టి పాఠం చెప్పే మేస్టర్లకూ విద్యార్థులకూ కార్యకర్తలకూ మా మాట ఒకటే. దళిత స్త్రీల రచనను సిలబస్ అనే కొలువులో కింది మెట్టున ఒక బొమ్మగా నిలబెట్టి ముచ్చటపడొద్దు. దాని ఏడుపుతో పాటు వెటకారాన్నీ చదవండి. అది ఎవర్ని చూసి నవ్వుతోందో చెప్పండి. మిమ్మల్నే అయితే, అదీ చెప్పండి.