సేటూ సాయిబూ: ఎవరు బయటివాళ్లు?

విజయనగరం బజారులో రెండు పిలుపులున్నాయి. తాకట్టు దుకాణం మెట్లెక్కినవాడు లోపలి మనిషిని 'సేటూ' అంటాడు. సైకిల్ రిపేరు షాపు ముందు ఆగినవాడు లోపలి మనిషిని 'సాయిబూ' అంటాడు. పుట్టుకలో రెండూ గౌరవపు మాటలే. సేటు అంటే శ్రేష్ఠి, సాయిబు అంటే దొర. కాలం గడిచాక ఒక మాట మాత్రమే తన గౌరవాన్ని నిలుపుకుంది. సేటు అనగానే అప్పిచ్చేవాడు గుర్తొస్తాడు. సాయిబు అనగానే చేతికి గ్రీజు అంటుకున్నవాడో, పరుపు కుట్టేవాడో, మాంసం కొట్టేవాడో గుర్తొస్తాడు. ఇద్దరి పెద్దలూ ఈ ఊరికి బయటినుంచే వచ్చారని లోకం అనుకుంటుంది. కానీ 'మీరు బయటినుంచి వచ్చారు కదా' అన్న ప్రశ్న ఒక్కరికే పడుతుంది. అది మాకే.

ఈ ప్రశ్న బడిలో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం. 1992 డిసెంబర్ 6 తర్వాత మరీ గట్టిగా విన్నాం. అంతకు ముందు ఏడాదే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఆ తర్వాత మా కవులూ కథకులూ ఈ నేల మాదేనని ఎలుగెత్తి చెప్పారు. ఆ జవాబు అవసరమే. అయితే అది ఎక్కువగా గౌరవం దగ్గర, అనుమానం దగ్గర, దేశభక్తి దగ్గర ఆగింది. పొయ్యి దగ్గరికీ చిట్టా పుస్తకం దగ్గరికీ రావాల్సినంత రాలేదు. మాకంటే ఎంతో వెనక వచ్చినవాడు సేటుగా స్థిరపడితే, ముందొచ్చినవాడు సాయిబుగా ఎందుకు మిగిలాడు? మన సాహిత్య విమర్శ ఈ ప్రశ్న వేయలేదు. మేమిక్కడ వేస్తున్నది ఇదే.

ముందు, ఎవరు ఎప్పుడొచ్చారో చూద్దాం. శ్రీకాకుళం జామియా మసీదును గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అప్పటి చికాకోల్ సర్కారుకి శ్రీకాకుళమే కేంద్రం. ఫౌజుదారు వెంట సిపాయిలు, గుర్రాలవాళ్లు, రాతగాళ్లు, ఖాజీలు వచ్చారు. విజయనగరం మహాకవి గురజాడ ఆ మసీదు పేరుతోనే 'పెద్ద మసీదు' కథ రాశారు. మా ప్రాంతపు ముస్లింని మన ఆధునిక సాహిత్యం మొదట చూసిన చోటు మసీదు. నూరేళ్లు దాటినా చూపు పెద్దగా జరగలేదు. మమ్మల్ని ప్రేమతో చూసినవాళ్లు దర్గా దగ్గర చూశారు, ద్వేషంతో చూసినవాళ్లు మసీదు దగ్గర చూశారు. పని దగ్గర చూసినవాళ్లు తక్కువ.

ఫౌజుదారు వెంట వచ్చినవాడు తెచ్చుకున్నది కత్తీ కలమూ. రెండూ నౌకరీ సాధనాలే. జీతం ఇచ్చే సర్కారున్నంత వరకే వాటికి విలువ. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1766లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1802 పర్మనెంట్ సెటిల్‌మెంట్‌తో భూమి జమీందార్ల చేతుల్లో బిగుసుకుంది. మావాళ్లకు మిగిలిన తోవ కంపెనీ పల్టన్. కొంతకాలం అది అన్నం పెట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం బలపడి సిపాయిల భర్తీ ఉత్తరాది వైపు మళ్లింది. మద్రాసు పల్టన్లను కుదించారు, తెలుగు ప్రాంతంలో భర్తీ ఎండిపోయింది. విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేటకి పేరు మిగిలింది. పల్టన్ పోయింది, దాని జీతమూ పోయింది.

మార్వాడీ కథ వేరు. రాజస్థాన్ ఎడారి పట్టణాలనుంచి ఆ వ్యాపారులు దూరదేశాలకు పెద్దఎత్తున కదిలింది రైలు వచ్చాక. మా వైపు తూర్పుతీరపు రైలుమార్గం పడింది 1890లలో. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్లే మార్గం 1931కి పూర్తయింది. దాంతో విజయనగరం ఒకవైపు కలకత్తాకీ, ఇంకోవైపు మధ్య భారతానికీ కూడలి అయింది. గోగునార, బెల్లం, నూనెగింజలు బయటికెళ్లే చోట, బట్టలూ ఇనుమూ లోపలికొచ్చే చోట వ్యాపారికి పని ఉంటుంది.

ఆ వ్యాపారి వెంట తెచ్చుకున్నది రొక్కం ఒక్కటే కాదు, నమ్మకపు వల కూడా. ఒక ఊళ్లో కట్టిన సొమ్ము కాగితం ముక్క మీద ఇంకో ఊళ్లో చేతికందే హుండీ పద్ధతి. కలకత్తాలో పెద్ద కొఠీలు. కొత్తగా వచ్చిన కుర్రాడికి తిండీ పడకా దొరికే 'బాసా'. దూరపు బంధువు దుకాణంలో మునీముగా చేరి బహీఖాతా రాయడం నేర్చుకుంటాడు. కొన్నేళ్లకు ఆ బంధువే సరుకు అప్పిచ్చి వేరే ఊళ్లో దుకాణం పెట్టిస్తాడు. దుకాణం దెబ్బతింటే మళ్లీ నిలబెట్టేదీ ఆ వలే. మార్వాడీల్లో అందరూ సంపన్నులని మేమనడం లేదు. పెద్ద దుకాణాల వెనక గుమాస్తాలూ వంటవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కడంటే, గుమాస్తాకి కూడా పైకి ఎక్కే మెట్టు ఒకటి కనిపిస్తుంది.

ఇప్పుడు సాయిబు షెడ్డులోకి రండి. పన్నెండేళ్లకి చేరిన కుర్రాడు ఉస్తాద్ దగ్గర పదేళ్లు పని నేర్చుకుంటాడు. పనిలో వాడికి వంక పెట్టలేరు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. సొంత షెడ్డు పెట్టుకుందామంటే అడ్వాన్సు కావాలి, పనిముట్లు కావాలి. ఉస్తాద్ పని నేర్పగలడు, పెట్టుబడి పెట్టలేడు. ఆయనే అప్పుల్లో ఉంటాడు. బ్యాంకుకి వెళ్తే ఆస్తి చూపమంటారు, జామీను తెమ్మంటారు. చివరికి భార్య మెడలోదో, అమ్మ చేతిదో తాకట్టుకి పోతుంది. కౌంటరుకి ఒకవైపు సేటు, రెండోవైపు సాయిబు. రెండు వలసల చరిత్ర అక్కడ ఎదురెదురుగా నిలబడుతుంది.

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక దేశం మొత్తం మీద ఇదే చూపింది. ముస్లిం శ్రామికుల్లో నూటికి 61 మంది సొంత పని మీద బతికేవాళ్లు. హిందువుల్లో ఆ లెక్క 55. అంటే అప్పు అవసరం మాకే ఎక్కువ. కానీ బ్యాంకుల ప్రాధాన్యరంగ రుణాల్లో ముస్లింల ఖాతాలు సుమారు 12 శాతం ఉంటే, వాళ్లకి అందిన సొమ్ము 4.6 శాతం. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాల్ని అప్పివ్వకూడని 'నెగెటివ్' ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటాయని కూడా ఆ నివేదిక రాసింది. 1994లో జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ పెట్టారు. బ్యాంకు మూసిన తలుపుకి సంక్షేమ సంస్థ కిటికీ అయిందే తప్ప, తలుపు తెరుచుకోలేదు.

'మీరు చదువుకోరు, అందుకే ఇలా ఉన్నారు' అంటారు. 2001 జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60 పైచిలుకు. మావాళ్లు పట్నాల్లో ఎక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఏదేమైనా 'చదువుకోరు' అన్న మాట నిలబడదు. అక్షరం ఉన్నా అప్పు పుట్టకపోతే దుకాణం పుట్టదు.

'మీ మతం వడ్డీని ఒప్పుకోదు, వ్యాపారం ఎలా చేస్తారు' అని ఇంకో మాట. మరి కచ్ నుంచి వచ్చిన మేమన్లు ఎవరు? బోహ్రాలు, ఖోజాలు ఎవరు? ఆంబూరు, వాణియంబాడిలో తోళ్ల వ్యాపారాన్ని పెంచిన తమిళ ముస్లింలు ఎవరు? అందరూ కలిమా చదివేవాళ్లే. వాళ్లకి వ్యాపారపు వల ఉంది, మావాళ్లకి లేదు. ఖురాన్ ఒక్కటే, బతుకులు వేరు. కాబట్టి పేదరికానికి కారణాన్ని మతంలో వెతకడం, వెతికేవాళ్లకి సులువు కాబట్టి చేసే పని.

సెక్యులర్ మిత్రులకి ఇది పరాయి విషయం అనిపిస్తే, ఉత్తరాంధ్ర సొంత చరిత్రలోకే తిరిగి చూడమంటాం. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలవాళ్లు వేలాదిగా బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోశారు. అక్కడ వాళ్లని 'కోరంగీలు' అన్నారు. అదే బర్మాకి తమిళనాడు చెట్టియార్లూ వెళ్లారు. చెట్టియార్లు పెట్టుబడి తీసుకెళ్లారు, మనవాళ్లు కండలు తీసుకెళ్లారు. ఆర్థికమాంద్యంలో రైతులు అప్పు కట్టలేక పొలాలు వదులుకున్నారు. 1930లో దిగువ బర్మా వరి జిల్లాల సాగుభూమిలో ఆరు శాతంగా ఉన్న చెట్టియార్ల వాటా 1938కి పాతిక శాతానికి చేరింది. మరి 1930 మే నెలలో రంగూన్ వీధుల్లో దెబ్బలు తిన్నదెవరు? రేవులో పనిచేసే తెలుగు కూలీలు. 1942లో అడవులూ కొండలూ దాటి నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్లలోనూ మనవాళ్లున్నారు. ఒకే దేశంనుంచి వెళ్లినా కలిమితో వెళ్లినవాడి బతుకు ఒకటి, చెమటతో వెళ్లినవాడి బతుకు మరొకటి. బయటివాడన్న కోపం లేచినప్పుడు అది ముందుగా గోడలేని వాడి మీదే పడుతుంది. మన ముత్తాతలు రంగూన్‌లో విన్న మాటే ఇవాళ మేం విజయనగరంలో వింటున్నాం.

మాలోమాట కూడా ఒకటి చెప్పుకోవాలి. మా సయ్యద్, పఠాన్ ఖాందాన్లలో కొన్ని అరబ్బు, తుర్కీ, అఫ్ఘాన్ వంశాలు చెప్పుకుని మురిసిపోతాయి. ఆ మురిపెమే 'బయటినుంచి వచ్చారు' అనేవాడి చేతికి కర్ర అందిస్తోంది. నిజానికి మాలో చాలామంది ఎక్కడినుంచీ రాలేదు. దూదేకే నూర్‌బాషాలు ఈ మట్టివాళ్లు. వాళ్ల తెలుగు మా అందరి తెలుగుకన్నా పాతది. వాళ్లని సగం ముస్లింలుగా చూసిన చిన్నచూపు మా ఇళ్లలోనే ఉంది. ప్రభుత్వం ఈ తేడాను మాకంటే ముందే గుర్తించింది. దూదేకులు బీసీ-బిలో ఉన్నారు. 2007 చట్టం పద్నాలుగు ముస్లిం తెగలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చి, సయ్యద్, పఠాన్, మొగల్, మేమన్ వంటి వాళ్లని పక్కన పెట్టింది. దాన్ని హైకోర్టు 2010 ఫిబ్రవరిలో కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. మతాన్ని చూసి ఇస్తున్నారని అరిచేవాళ్లు ఈ పక్కన పెట్టిన పేర్లు చదవరు. చదివితే వాళ్ల వాదన ఆగిపోతుంది.

'మైనారిటీ' అన్న మాటకీ ఇలాంటి గతే పట్టింది. మార్వాడీల్లో జైనులు చాలామంది. 2014 జనవరిలో కేంద్రం జైనుల్ని మైనారిటీగా ప్రకటించింది. వాళ్ల మతానికీ సంస్థలకీ రక్షణ ఉండాలి, కాదనం. కానీ 2001 లెక్కల్లో దేశంలో జైనుల అక్షరాస్యత 94 శాతం, ముస్లింలది 59. రెండింటినీ ఒకే మాట కింద కూర్చోబెట్టి 'మైనారిటీల అభివృద్ధి' అంటే అందులో ఎవరి అభివృద్ధి ఎంతో తేలదు. ఉత్తరాంధ్రలో మా సంఖ్య చాలా తక్కువ. సంఖ్య తక్కువ కావడం మా అసలు కష్టం కాదు. తక్కువ సంఖ్యలోనే ఉన్న సేటు బాగానే ఉన్నాడు. కష్టం మా చేతిలో ఏముందన్న దగ్గర ఉంది.

ఇదంతా మార్వాడీ మీద పగ అని ఎవరైనా అనుకుంటే మా మాట వాళ్లకి చేరలేదన్నమాట. 2025 ఆగస్టులో తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం లేచింది. స్థానిక చిన్న వ్యాపారి బాధ అబద్ధం కాదు. కానీ ఆ నినాదంలో మేం గొంతు కలపలేం. 'వెళ్లిపో' అన్న మాట రుచి మాకు తెలుసు. దేశంలో ఎవరైనా ఎక్కడైనా బతకొచ్చని అప్పుడు కొందరు పెద్దలు చెప్పారు. మంచి మాట. ఆ మాట సేటు గుమ్మం దగ్గరే ఆగిపోకుండా సాయిబు షెడ్డుదాకా రావాలని మాత్రం అడుగుతున్నాం.

సేటు దుకాణం మూయించి సాయిబు బాగుపడడు. మార్వాడీకి తన కులం ఇచ్చినదాన్ని మావాడికి ఇవ్వాల్సింది ప్రజల సొమ్ముతో నడిచే బ్యాంకు. ఆస్తిని కాకుండా పనితనాన్ని చూసి ఇచ్చే అప్పు కావాలి. పదేళ్లు షెడ్డులో నేర్చిన విద్యకి పాలిటెక్నిక్ కాగితంతో సమానమైన గుర్తింపు కావాలి. మా మసీదు కమిటీలు మినార్‌కి రంగు వేయించే ముందు ఒక్క కుర్రాడికి జామీను ఉండటం నేర్చుకోవాలి. ఇక మన రచయితలు: మా గురించి రాసేటప్పుడు అత్తరూ అజానూ దగ్గర ఆగిపోకండి. ఆ తాకట్టు రసీదు మీద రాసిన వడ్డీ ఎంతో కూడా చదవండి.