అద్దకం వేసిన రాత్రి

మూర్నావ్ తీసిన మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ని మొదటిసారి హాస్టల్ గదిలో చూసినప్పుడు మావాడు పగలబడి నవ్వాడు. రక్తపిశాచి ఓర్లాక్ తన శవపేటికను చంకన పెట్టుకుని ఊళ్లోకి వస్తున్నాడు. వీధి నిండా వెలుతురే. “ఇదేంట్రా, పట్టపగలు ఊరంతా తిరిగినోడు చివర్లో పొద్దు పొడిస్తే చచ్చాడా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మేం చూసింది వట్టి నలుపు తెలుపు కాపీ.

మొన్న ఆదివారం మళ్లీ వాడితోనే కూర్చుని, రంగులతో సహా బాగుచేసిన ప్రింటు చూశాను. అదే వీధి, అదే పెట్టె. తెర మాత్రం నీలం. ఈసారి వాడు నవ్వలేదు.

1922 నాటి ఫిల్ముతో ఆరుబయట రాత్రిని పట్టడం కష్టం. అందుకే మూర్నావ్, కెమెరామన్ ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్ రాత్రులను కూడా పగలే తీశారు. ఆ తర్వాత బట్టకు అద్దకం వేసినట్టు ప్రింటును రంగులో ముంచారు. రాత్రికి నీలం, దీపాల గదికి పసుపు, వేకువకు గులాబి. ఈ సినిమాకి రంగే గడియారం. ఈ సినిమాకి మూలమైన స్టోకర్ 1897 నవలలో రక్తపిశాచి డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. ఎండ సోకితే రక్తపిశాచి చస్తుందన్నది ఈ సినిమా తెచ్చిన ముగింపు. కాబట్టి రంగు పోతే కథే పోతుంది.

పోయింది కూడా. అనుమతి లేకుండా, పేర్లు మార్చి తీశారని స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పొచ్చింది. తప్పించుకున్న వాటి నుంచి కాపీకి కాపీ తీసుకుంటూ పోయేసరికి అద్దకం వెలిసిపోయింది. ఫ్రాన్సులో మిగిలిన ఒక పాత రంగు ప్రింటు ఆధారంగా మళ్లీ వేశారు.

ఇక ఆ మెట్ల దృశ్యం. ఓర్లాక్ వేషం వేసిన మాక్స్ ష్రెక్ కనబడడు, నీడే ఎక్కుతుంది. గూని వీపు, కొక్కేల్లాంటి వేళ్లు. తలుపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి సాగుతుంది. తర్వాత కథానాయిక ఎలెన్ తెల్లటి గౌను మీద ఆ చేతి నీడ పాకి, గుండె దగ్గర ఆగి, పిడికిలి బిగిస్తుంది. ఆమె విలవిల్లాడుతుంది. ఒంటి మీద చెయ్యి పడనే లేదు. ఒక దీపం, ఒక చెయ్యి, ఒక తెల్ల గుడ్డ. అంతే సరంజామా.

కోడి కూసింది. ఓర్లాక్ తలెత్తాడు. కిటికీలోంచి వెలుగు పడి, మనిషి కరిగి, నేల మీద కాస్త పొగ మిగిలింది.

“తెల్లారిందిరా” అన్నాడు మావాడు, తన పాత ప్రశ్నకు తనే జవాబు చెప్పుకున్నట్టు.