నడుము సన్నని సీసపు గుండు

షూటింగ్‌లో కొత్తగా చేరినవాళ్లు ముందుగా అడిగేది క్యాలిబర్ గురించే. అది ఎంత పెద్దదైతే గుండుకు అంత శక్తి అని వాళ్ల లెక్క. అలాంటివాళ్లకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్ ఒకటి అరచేతిలో పెట్టి చూపించాలి. గోరు మీద నిలిచేంత వస్తువులో ఇంత ఆలోచన ఇమిడి ఉండటం నాకు ఎప్పటికీ అబ్బురమే.

క్యాలిబర్ చెప్పేది గుండు వెడల్పు మాత్రమే. ఈ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, పాయింట్ టూ టూ గుండు 5.6. తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకే. కానీ అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 8 జౌళ్ల లోపే. 2.6 గ్రాముల టూ టూ గుండు 330 మీటర్ల వేగంతో వెళితే 140 జౌళ్లు. ఆ తేడా తెచ్చినవి బరువు, వేగం. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది.

ఇక స్టాపింగ్ పవర్‌కు, అంటే తగిలినదాన్ని అక్కడికక్కడే ఆపేసే శక్తికి, ఒక్క అంకెలో చెప్పే కొలత లేదు. ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది, దిగాక గుండు ఆకారం మారిందా, ఇవన్నీ కలిసి తేల్చే సంగతి అది. షూటింగ్ రేంజ్‌లో ఆ చర్చతో పని లేదు. ఇక్కడ గుండు పని కాగితానికి శుభ్రమైన గుండ్రటి చిల్లు పెట్టడం.

అందుకే పెల్లెట్ తల బల్లపరుపుగా, అంచు పదునుగా ఉంటుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. చిల్లు అంచు ఆ చుక్కను తాకినా పదే. గుండ్రటి తల కాగితాన్ని చీల్చి, అంచు ఎక్కడుందో తెలియకుండా చేస్తుంది. బల్లపరుపు తల బిళ్ల కోసినట్టు కోస్తుంది.

తల వెనక నడుము సన్నం. అది బారెల్‌ను తాకదు కాబట్టి రాపిడి తక్కువ. ఆ వెనక బోలుగా, పల్చటి అంచుతో ఉండేది స్కర్ట్. ట్రిగ్గర్ నొక్కగానే గాలి ఆ బోలులోకి తోసుకొచ్చి అంచును విచ్చదీస్తుంది. మెత్తటి సీసం బారెల్‌లోని మెలికల గాళ్లను పట్టుకుంటుంది, గాలి పక్కనుంచి జారిపోదు, పెల్లెట్ గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. బరువంతా తలలో ఉండి, గాలి వెనకభాగాన్ని పట్టి లాగడం వల్ల షటిల్ కాక్‌లాగా తల ముందుకే పెట్టి పోతుంది. ఒకే ఆకారం ఇన్ని పనులు చేయడం చూస్తే, దీన్ని రూపొందించినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. ఆ స్థాయికి వెళ్లేవాళ్లు తల కొలతలో 4.49, 4.50 అనే తేడాను కూడా వదలరు. రైఫిల్‌ను కదలకుండా బిగించి, ఒక్కో కొలతతో కొన్ని షాట్లు కాల్చి, చిల్లులు దగ్గరగా పడ్డ పెల్లెట్ల డబ్బానే ఎంచుకుంటారు. మేలురకం పెల్లెట్లు ఒకదానికొకటి తగలకుండా స్పాంజి గుంటల్లో విడివిడిగా వస్తాయి. స్కర్ట్ అంచు కాస్త సొట్టపోయినా గురి చెడుతుంది.

కొత్తవాళ్లు ఇంకో రెండు గుర్తుంచుకోవాలి. ఆ కొద్ది జౌళ్లు కన్ను పోగొట్టడానికి చాలు, బారెల్‌ను ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకూడదు. పెల్లెట్ సీసం, రేంజ్ నుంచి బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ ముట్టాలి.