చూసినంతే చెప్పు

ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక గుడి వెనక సండే స్కూల్ గదిలో చాపలు పరుచుకుని కూర్చున్నాం. పదిహేనుమంది పిల్లలు. ఇంటర్ వాళ్లు కొందరు, డిగ్రీ వాళ్లు కొందరు, పాలిటెక్నిక్ కుర్రాళ్లు ఇద్దరు. టౌన్లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి లేచింది. మూడు నిమిషాల్లో సాక్ష్యం చెప్పాలి. ముందు అందరికీ ప్రభువు నామమున వందనములు చెప్పింది. తర్వాత, పాపపు ఊబిలో పడి నశించిపోతున్న తనను ఆయన తన కృపచేత పైకి లేవనెత్తి రక్షించిన సంగతి, ఊపిరి తిప్పుకోకుండా, పాస్టరు గారి గొంతులోని ఎత్తుపల్లాలతో సహా చెప్పింది. రెండుచోట్ల ఆమేన్ కూడా అన్నారు. కూర్చోబోతుంటే అడిగాను.

"హాస్టల్లో నీ పక్క మంచం అమ్మాయికి ఇది ఇలాగే చెప్పావనుకో. ఏమనుకుంటుందమ్మా?"

కాసేపు ఆలోచించింది. "నాకేదో యాక్సిడెంట్ అయిందనుకుంటుంది అక్కా."

ఇరవై ఏళ్లకు పైగా యవ్వనస్తులతో ఈ పని చేస్తున్నాను. తమ విశ్వాసం గురించి నలుగురికి చెప్పగలిగేలా పిల్లల్ని తయారుచేయడమంటే వాక్యాలు కంఠతా పట్టించి, కరపత్రాల కట్ట చేతికిచ్చి బస్టాండుకు పంపడమేనని మొదట్లో నేనూ అనుకున్నాను. వాక్యం రావాలి, అందులో సందేహం లేదు. అయితే నిజమైన కష్టం దానికంటే ముందే, భాష దగ్గర మొదలవుతుంది.

గుళ్లో మనం వాడే మాటలకు గేటు లోపల ఒక అర్థం, గేటు దాటాక ఇంకో అర్థం. బయటివాళ్లకు రక్షణ అంటే రక్షణ శాఖ. సంఘమంటే పొదుపు సంఘమో, పాల సంఘమో. సహవాసం అన్న మాటకు ముందు "చెడు" అనేది దానంతటదే వచ్చి చేరుతుంది. విశ్వాసం అనగానే మామూలు తెలుగులో గుర్తొచ్చేది కుక్క. ఇక పాపం సంగతి. జాలి కలిగినప్పుడు తెలుగువాడి నోట అప్రయత్నంగా వచ్చే మాట అది. "పాపం, పిల్లాడు ఎండలో నడిచొచ్చాడు" అంటాం. అదే మాటను పట్టుకుని "మనమందరం పాపులం" అని మొదలుపెడితే, వినేవాడికి అది తన మీద వేసిన నిందలా తగులుతుంది. తగిలాక ఇంకేమీ వినడు.

అందుకని ఒక అభ్యాసం చేయిస్తాను. బోర్డు మీద పది మాటలు రాస్తాను: రక్షణ, కృప, మారుమనస్సు, విమోచన, నీతి, మహిమ, అలాంటివి. వీటిలో ఒక్కటీ వాడకుండా యేసు ఎవరో, నీకేం చేశాడో చెప్పాలి. మొదటి పది నిమిషాలు గదిలో ఎవరూ నోరు విప్పరు. తర్వాత ఒక్కొక్కరే తడుముకుంటూ మొదలుపెడతారు. మారుమనస్సు అంటే ఏమిట్రా అంటే పాలిటెక్నిక్ అబ్బాయి, "తప్పు బస్సెక్కానని తెలిశాక, సీటు దొరికింది కదా అని కూర్చోకుండా దిగిపోవడం" అన్నాడు. కృపకు ఇంకొకడు, "అటెండెన్స్ చాలకపోయినా పిలిచి హాల్ టికెట్ చేతిలో పెట్టడం" అన్నాడు. డిగ్రీ చదివే అమ్మాయి ఒప్పుకోలేదు. హాల్ టికెట్ ఇస్తే మాత్రం ఏం లాభం, నేను రాయలేని పరీక్ష ఆయనే రాసి నా పేరు పెట్టాడని చెబితే కదా అది కృప అంది. ఆ మధ్యాహ్నం మేం గంటసేపు రోమీయులకు రాసిన పత్రిక చదివాం. ఏడాదిగా వింటున్న ప్రసంగాల్లో అర్థం కానిది అప్పుడు అర్థమైందని పిల్లలు చెప్పారు. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడానికి వెతుక్కుంటుంటేనే తమకెంత తెలుసో, ఎంత తెలియదో బయటపడుతుంది. ఈ శిక్షణ ఎవరికి ఎక్కువ మేలు చేస్తుందని అడిగితే, వినేవాళ్లకంటే ముందు చెప్పేవాళ్లకేనంటాను.

పాత మాటల్ని పారేయమనడం లేదు. మన బైబిలు తెలుగులో ఒక గాంభీర్యం ఉంది, ప్రార్థనలో దాని అవసరం ఉంది. అమ్మమ్మ మోకాళ్ల మీద ఉండి ఆ మాటలతో ప్రార్థిస్తుంటే విన్న పిల్లలకు అవి జీవితాంతం తోడుంటాయి. పక్క మంచం అమ్మాయి మాత్రం మా అమ్మమ్మ ప్రార్థన వినలేదు.

సాక్ష్యం అన్న మాట మనం గుడి కోసం తయారుచేసుకున్నది కాదు. అది కోర్టు మాట. బోనెక్కిన సాక్షి తను కళ్లారా చూసింది, చెవులారా విన్నది చెప్పాలి. వాదించే పని లాయరుది, తీర్పు జడ్జిది. సాక్షి తీర్పు చెప్పబోతే ఎవరూ ఒప్పుకోరు. ఉన్నదానికి కాస్త చేర్చాడని తేలితే, ఉన్నది కూడా చెల్లదు. పిల్లలకు ఇది చెప్పినప్పుడు వాళ్ల భుజాల మీది బరువు దిగిపోవడం నా కళ్లకు కనిపిస్తుంది. ఎదుటివాణ్ని ఒప్పించే బాధ్యత వాళ్లది కాదు. చూసినంతే చెప్పాలి.

ఎలా చెప్పాలో పౌలు దగ్గర నేర్చుకోవచ్చు. దమస్కు దారిలో తనకు జరిగింది అపొస్తలుల కార్యాల్లో ఆయన రెండుసార్లు తన నోటితో చెబుతాడు. ఇరవై రెండో అధ్యాయంలో యెరూషలేములో తనను చంపబోయిన జనానికి, ఇరవై ఆరులో అగ్రిప్ప రాజుకు. రెండిటికీ పునాది ఒకటే: అంతకుముందు నేనెవర్ని, ఏం జరిగింది, ఆ తర్వాత ఏమయ్యాను. విద్యార్థుల కూడికల్లో సాక్ష్యాన్ని మూడు భాగాలుగా రాయించే అలవాటు ఇక్కణ్నుంచి వచ్చిందే. అయితే రెండు అధ్యాయాల్నీ పక్కపక్కన పెట్టి చదివించడం నాకు ఇంకా ఇష్టం. యూదుల గుంపుకు వాళ్ల భాషలోనే, గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నానని మొదలుపెడతాడు. ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడని పేరున్న అననీయ తన దగ్గరికొచ్చాడని ప్రత్యేకంగా చెబుతాడు. రాజు ముందు అననీయ ఊసే లేదు. అబద్ధం ఎక్కడా లేదు, జరిగినదీ మారలేదు. ఎదురుగా ఎవరున్నారో చూసుకుని, వాళ్లకు అందే కొసను అందిస్తున్నాడు.

ఇక్కడొక జబ్బు గురించి చెప్పాలి. మొదటి భాగాన్ని నల్లగా పూస్తే మూడో భాగం తెల్లగా మెరుస్తుందని పిల్లలు త్వరగా పసిగడతారు. రెండుసార్లు సిగరెట్ కాల్చినవాడు వ్యసనపరుడైపోతాడు. పెద్దలు ఆమేన్ అంటారు కాబట్టి మళ్లీ చెప్పినప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. దీన్ని మొదటిసారే ఆపాలి, కఠినంగానే ఆపాలి. దేవుడి పేరు మీద చెప్పినా అబద్ధం అబద్ధమే. మరోవైపు, "నాకు చెప్పుకోడానికేం లేదు అక్కా, పుట్టినప్పట్నుంచీ గుడికే" అని తల దించుకునే మూడోతరం పిల్లలుంటారు. వాళ్లకు తిమోతిని చూపిస్తాను. ఆయన విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలే రాశాడు. ఇంట్లో రోజూ చూసింది కూడా చూసిందే కదా.

సామాన్యుల్ని సాక్షులుగా నిలబెట్టడంలో తెలుగు నేల మీద మనకో పెద్ద పాఠశాల ఉండేది. అది నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఏళ్ల తరబడి విద్యార్థుల మధ్య తిరిగినవాడు. ఆ పని వదిలి 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో చనిపోయేదాకా ఆ అధ్యక్ష మండలాన్ని నడిపాడు.

ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. చదువు రాదు. పుస్తకం ఇచ్చి లాభం లేదు కాబట్టి చెవి ద్వారా నేర్పించారు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, యేసు కథలు పగలంతా పొలంలో పనిచేసి వచ్చినవాళ్లకు రాత్రిపూట దీపం ముందు వల్లెవేయించారు. కీర్తనలు పాడించారు, కథల్ని ఆడించారు. పల్లె ఉపాధ్యాయుల శిక్షణలో భార్యలకూ చోటిచ్చారు. ఊళ్లో ఆడవాళ్లతో మాట్లాడేది వాళ్లే కదా. ఏడాదిలో ఒక వారం సంఘమంతా, చదువొచ్చినవాళ్లూ రానివాళ్లూ, చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి తమకు తెలిసింది చెప్పేది. బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఎవరి తల మీద వాళ్ల చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండిపోతే తనకే కీడని పౌలు అన్న మాటను పలికించేవాడు అజరయ్య. బిషప్ చెయ్యి కాదు, ఎవరి చెయ్యి వాళ్లదే. ఆ సంగతి నేనెప్పుడు చెప్పినా గదిలో ఒకరిద్దరు తెలియకుండానే తల తడుముకుంటారు.

ఇందులో మన చరిత్రకారులు మరింత లోతుగా చూడాల్సిన విషయం ఒకటుందని నా నమ్మకం. దొర ముందు చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, అడిగితే తప్ప నోరెత్తకూడని మనిషిని, ఆ ఊళ్లోనే నిలబడి "నాకిలా జరిగింది" అని చెప్పమన్నారు. చెప్పడానికి తన దగ్గర విలువైనదొకటి ఉందని అతనికి మొదటిసారి అనిపించింది అక్కడే. తాగుడు మానిన ఇళ్లను, శుభ్రపడిన వాడల్ని, బడికెళ్తున్న పిల్లల్ని చూసి పై కులాల రైతులు కూడా కొన్ని ఊళ్లలో వచ్చి అడగడం మొదలుపెట్టారు. వచ్చి అడగడం అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌ను ఇప్పుడు చూసినా గుమ్మటాలూ మినార్లూ మసీదును, స్తంభాలు దేవాలయాన్ని తలపిస్తాయి. ఈ నేల మీద పుట్టినట్టే కనిపించాలన్న పట్టుదల ఆ రాతిలో ఉంది. పురుషోత్తమ చౌదరి వంటివారు అంతకు ముందే కీర్తనల్లో ఆ పని చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ రాగం, తాళం అచ్చవుతాయి. మా పిల్లలకు కొత్త పాటలతోపాటు ఇవి కూడా నేర్పిస్తాం, తాళం వేయిస్తూ.

కాలేజీ పిల్లల సంగతి వేరు. 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా, దాన్నే మనవాళ్లు యు.ఇ.ఎస్.ఐ. అంటారు, విద్యార్థులే విద్యార్థులతో కలిసి వాక్యం చదివే పద్ధతిని క్యాంపస్‌లలో పెంచింది. ఇక్కడేం రాసి ఉంది, దానర్థమేమిటి, నేనేం చేయాలి. ఈ మూడు ప్రశ్నలతో ఒక భాగం పట్టుకుని కూర్చుంటే ప్రసంగీకుడి అవసరం లేకుండా ఆలోచించడం అలవాటవుతుంది. బాధ గురించి, విజ్ఞానం గురించి, మిగతా మతాల గురించి రూమ్మేటు ప్రశ్న వేస్తే "నాకు తెలీదు, చదివి చెప్తా" అనగలిగే ధైర్యం కూడా అక్కడే వస్తుంది.

చట్టం గురించి కొద్దిగానే అయినా తప్పకుండా చెబుతాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి. ప్రచారమంటే తన విశ్వాసాన్ని వివరించడం, ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆశ చూపి, భయపెట్టి, జబ్బుతో ఉన్నవాడి నిస్సహాయతను వాడుకుని చేసేది చట్టానికే కాదు, సువార్తకూ విరుద్ధం. ఇంకొకరి గుడి దగ్గరికి వెళ్లి కరపత్రాలు పంచడం మర్యాద కాదు. మన గుడి మెట్ల మీద ఎవరైనా అలా చేస్తే మనకెలా ఉంటుందో అడిగితే పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు. ప్రసాదం ఇస్తే ఏం చేయాలన్నది ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్న. తీసుకోకూడదని మనస్సాక్షి చెబితే తీసుకోవద్దు, కానీ ఇచ్చిన చెయ్యిని చిన్నబుచ్చకుండా ఎందుకో చెప్పగలగాలి. మొహం తిప్పుకుంటే స్నేహితురాలు బాధపడుతుంది, మొహమాటానికి తీసుకుంటే నువ్వే బాధపడతావు.

పేతురు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఈ శిక్షణ అంతటికీ ఆధారమైన మాట ఉంది. మీ నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు జవాబివ్వడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంగా, గౌరవంగా అని దాని సారం. చాలా ఏళ్లు నేను జవాబు మీదే దృష్టి పెట్టాను. ముందు ఎవరో అడగాలి అన్న సంగతిని ఆలస్యంగా గమనించాను. సాక్షి కూడా పిలిస్తేనే బోనెక్కుతాడు. అడిగించేది మన బతుకు. అందుకే ఇప్పుడు సగం సమయం వినడానికే పెడుతున్నాను. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు పది నిమిషాలు తమ ఇంటి సంగతి చెబితే రెండోవాళ్లు మధ్యలో వాక్యం చెప్పకుండా, సలహా ఇవ్వకుండా వినాలి. పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. పెద్దలకు ఇంకా కష్టం.

నెల తర్వాత ఆ హాస్టల్ అమ్మాయి మళ్లీ నిలబడింది. ఈసారి పాస్టరు గారి గొంతు లేదు. పక్క మంచం అమ్మాయితో బకెట్ నీళ్ల దగ్గర గొడవైందట. ఇద్దరూ రెండు నెలలు మాట్లాడుకోలేదు. తప్పు ఎక్కువ అవతలి అమ్మాయిదే. ఒక రాత్రి పరలోక ప్రార్థన చెప్పుకుంటుంటే, క్షమించడం గురించిన మాట దగ్గర నోరు ఆగిపోయిందట. పొద్దున్నే లేచి, తనే వెళ్లి సారీ చెప్పింది. అవతలి అమ్మాయి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు రాత్రి లైట్లు ఆర్పేశాక చీకట్లో అడిగిందట, "తప్పు నాదైతే నువ్వెందుకు వచ్చావే?"

"నువ్వేం చెప్పావమ్మా?" అన్నాను.

"నన్ను ఒకాయన ముందే క్షమించేశాడు, అందుకే నీ మీద కోపం పెట్టుకుంటే నిద్ర పట్టలేదు అన్నాను. ఎవరాయన అంది. అప్పుడు లేచి కూర్చున్నాం అక్కా."